ఏడో నంబరు చుట్టరికం

పోయిన వారం అప్పలకొండని మనం బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మూడో వరస కుర్చీలో కూర్చోబెట్టి వచ్చేశాం. స్టేజీ మీద ఆవిడ కూతురు జ్యోతిర్మయి మాట్లాడుతోంది. సూదిమందు వేసే డాక్టరు కాదు, పరిశోధన చేసి డాక్టరైన పిల్ల. రొమ్ము కేన్సరు ఒంట్లో మరో చోటికి పాకితే దాన్ని వెతికి పట్టుకునే అతి చిన్న మందు కణాలను హైదరాబాదు లేబులో తొమ్మిదేళ్ళు కూర్చుని తయారుచేసింది. రాయ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి ఆ కణాలను పన్నెండు మంది ఆడవాళ్ళ మీద పరీక్షిస్తోంది. ఆ పన్నెండు మంది ఎవరో జ్యోతిర్మయికి తెలియదు, తెలియకూడదు. నంబర్లే తెలుసు. వాళ్ళలో ఏడో నంబరు స్కాను బొమ్మ తెర మీద పడింది. వెన్నులో నాలుగు మెరిసే చుక్కలు. పైన, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న ఎడమ కాలర్ ఎముక. సరిగ్గా అప్పుడే మూడో వరసలో అప్పలకొండ చెయ్యి తనకు తెలియకుండానే తన ఎడమ కాలర్ ఎముక మీదికి వెళ్ళింది. స్టేజీ మీంచి కూతురు చూసింది.

ఆ తర్వాత చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు, జ్ఞాపిక చేతిలో పెట్టారు. తల్లీకూతుళ్ళు క్వార్టరుకి వచ్చి ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా పడుకున్నారు.

తెల్లారింది. ఆదివారం. అప్పలకొండ పొయ్యి దగ్గర నిలబడి చీలాలు పోస్తోంది. బియ్యప్పిండి అట్టుకి ఛత్తీస్‌గఢ్‌లో ఆ పేరు. అట్టు ఈ ఊరిదే గానీ పక్కన గిన్నెలో ఉన్న గోంగూర పచ్చడి మాత్రం శ్రీకాకుళానిది. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా రెండు రాష్ట్రాలూ ఒకే కంచంలో కాపురం చేస్తున్నాయి.

"అమ్మా, ఆ ఎముక నీదేనా?" అంది జ్యోతిర్మయి వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఏ ఎముకే?"

"నిన్న తెర మీద చూపించానే, అది."

"ముందు తిను. సల్లారిపోతాది."

"ఏడో నంబరు నువ్వేనా?"

"ఈ పెనం పాతదైపోనాది. అట్టు లేవట్నేదు."

జ్యోతిర్మయి వచ్చి గేసు ఆపేసింది. అప్పలకొండ అట్లకాడ చేత్తో పట్టుకుని కాసేపు పెనం వైపు చూసింది. యాభై ఏడేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. కూతురితో అబద్ధం ఆడాల్సి వస్తే పెనాన్నో పిండినో తిడుతుంది తప్ప సూటిగా ఆడలేదు. ఆవిడకున్న లోపాల్లో అది ముఖ్యమైనది.

"ఔను. నానే. ఇప్పుడేటంటావ్?" అంది.

ఆ బొమ్మని జ్యోతిర్మయి లేబులో ఎన్నోసార్లు చూసింది. ఆ వంకర ఎముకనీ చూసింది. లోకంలో ఎముక విరిగిన ఆడది మా అమ్మ ఒక్కర్తేనా అనుకుని ముందుకు పోయింది. పైగా ఏడో నంబరు గట్టి మనిషి, ఒక్క తారీకు తప్పలేదు, ఒక్కసారి కూడా అమ్మో అయ్యో అనలేదట అని తోటివాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకుంది కూడా. తన తల్లి సంగతే తను ఊరందరికీ చెప్పుకుంటున్నానని ఆమెకేం తెలుసు? అయిదేళ్ళ కిందట ఆపరేషన్‌తో పోయిందనుకున్న రోగం పోలేదు. వెన్నులోకి పాకింది. అది అందరికన్నా ముందు కనిపెట్టింది తన కణాలే. ఆ నాలుగు చుక్కల్ని చూసి లేబులో తను మిఠాయి పంచింది.

"నడుం నొప్పని ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"సెప్తే ఏటి సేస్తావు? లేబు మానీసి వచ్చి నా పక్కన కూకుంతావు. నువ్వొచ్చి ఇక్కడ కూకుంటే అక్కడ ఆ రవ్వలు ఎవులు తయారుసేస్తారు?"

రవ్వలంటే ఆ కణాలే. అప్పలకొండ వాటికి పెట్టిన పేరు. ఒక ఇసుక రేణువు మీద అడ్డంగా వరసగా పేరిస్తే పదివేలు పడతాయని కూతురు చెప్పినప్పటి నుంచీ అలాగే అంటుంది.

"అసలు ఆ ఆసుపత్రిలో ఎలా చేరావు?"

"రామమోహన్ డాక్టరు మనోడే గదా, కాకినాడ దగ్గరోడు. మామూలు స్కానులో ఏటీ కనబడనేదన్నాడు. కొత్త మందొకటి పరీచ్చ సేస్తన్నాం, ఇష్టమైతే సేరమన్నాడు. కాయితం మీద బొమ్మ గీసి సూపించినాడు. బంతి, బంతి సుట్టూ కొక్కేలు, బంతి కడుపులో మందు. ఆ కొక్కేలు రోగం ఉన్నకాడే తగులుకుంటాయి, తగులుకుని మెరుస్తాయి, అక్కడే కడుపిప్పి మందు పోస్తాయి అన్నాడు." అప్పలకొండ అట్లకాడ కింద పెట్టి, చెంగుతో చెయ్యి తుడుచుకుంది. "పోయినేడు నువ్వు ఈ వంటింట్లో, ఇగో ఇక్కడే, నేల మీద సుద్దతో అదే బొమ్మ గీసినావు. ఆ కొక్కేలు సూడగానే తెలిసిపోనాది, ఇది నా పిల్ల సేతి పనని. డాక్టరు ఇంకా ఏటేటో సెప్తన్నాడు గానీ నాకు ఇనబడనేదు. సంతకం ఎక్కడెట్టాలి బాబూ అనడిగినాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. కేన్సరు మళ్ళీ వచ్చిందేమోనన్న మాట విన్న రోజు గురించి మాట్లాడుతున్నట్టు లేదు. కూతురికి ర్యాంకు వచ్చిన రోజు గురించి మాట్లాడుతున్నట్టుంది.

"అయితే ఇది నా కూతురు చేసిందేనని డాక్టరుగారికి చెప్పలేదా?"

"నేదు."

"ఎందుకు?"

అప్పలకొండ ఈసారి పెనాన్ని తిట్టలేదు. ముందుగదిలోకి వెళ్ళి బల్ల మీద కూర్చుంది. ఆ గదిలో గోడకి రెండు పటాలున్నాయి. ఒకటి భర్త సూర్యంది. గేంగులో పట్టాల పనిచేసేవాడు. జ్యోతిర్మయికి మూడేళ్ళప్పుడు పచ్చకామెర్లతో పోయాడు. ఆ ఉద్యోగం రైల్వేవారు భార్యకిచ్చారు. పనిలో చేరిన మొదటిరోజే ఒకడు అన్నాడు, "మొగుడు పోతేనేం, గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది, అదృష్టవంతురాలు" అని. అప్పుడామెకి ఇరవై ఏడేళ్ళు. ఆ మాట ముప్పై ఏళ్ళయినా మానని పుండు. ఆ తర్వాత ఎవరి పేరు చెప్పీ, ఎవరి చుట్టరికం చూపీ ఏదీ తీసుకోకూడదని ఒట్టు పెట్టుకుంది. క్వార్టరు కోసమైనా, సెలవు కోసమైనా ఒక్క సిఫారసు అడగలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం.

రెండో పటంలో ఒక ప్రశంసాపత్రం ఉంది. దాని సంగతి తర్వాత.

"ఆ కాయితాల్లో ఒక పెశ్న ఉన్నాది," అంది అప్పలకొండ. "ఈ పరీచ్చ సేస్తన్నోల్లలో మీకు సుట్టాలెవులైనా ఉన్నారా అని. నర్సమ్మ హిందీలో సదివింది. నాను 'కోయీ నహీఁ', ఎవులూ నేరు అనీసినాను. తల ఎత్తుకునే అన్నాను. ఉన్నారంటే ఏటంటారు? కూతురు సెప్పి తల్లిని ఎక్కించీసింది అంటారు. మొగుడి పేరు మీద ఉజ్జోగం, కూతురి పేరు మీద మందూనా? నా సొంతానికి నానేటీ కానా?"

జ్యోతిర్మయి తల్లి ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది.

"అమ్మా, ఆ ప్రశ్న ఎందుకు పెట్టారో తెలుసా?"

"సుట్టాలకి ముందు ఇవ్వడానికి."

"కాదు. చుట్టాలుంటే అసలు చేర్చుకోకుండా ఉండడానికి. రేపు ఈ మందు పనిచేసింది అని నేను రాస్తే, తల్లి కోసం లెక్కలు అటూఇటూ చేసిందని ఎవరూ అనకూడదు. అందుకే ఆ రూలు. ఉన్నారు అని నువ్వు చెప్పుంటే నిన్ను అక్కడే ఆపేసేవాళ్ళు."

బయట ఎవరో పంపు దగ్గర బకెట్టు పెడుతున్న చప్పుడు వినబడింది.

"అచ్ఛా," అంది అప్పలకొండ. "ఆల్లదీ నా భయమేనా?"

"అదే భయం."

"మరి నాను ఆ భయంతోనే గదే దాసినాను."

"అదేనమ్మా నేనూ చెప్తున్నది."

"అయితే రూలు మీద నడుస్తన్నాననుకుని రూలునే తొక్కీసినాను."

నవ్వాలో ఏడవాలో జ్యోతిర్మయికి తెలియలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కానీ అడుసని తెలియక, శుభ్రమైన చోటనుకుని కాలు పెట్టిన మనిషిని ఏమంటాం?

సరిగ్గా ఇలాంటప్పుడే మన రమణమూర్తి తలుపు కొడతాడు. రిటైరైన గార్డు, తెలుగు సంఘానికి ప్రెసిడెంటు, నిన్నటి సన్మానం ఆయన చలవే. చేతిలో హిందీ పేపరు, లడ్డూల పెట్టె.

"సెల్లమ్మా, సూసినావేటి?" అంటూ లోపలికొచ్చాడు. "బిలాస్‌పూర్ కీ బేటీ అని ఏసినాడు! బుధవారీ బజార్లో పేపర్లన్నీ నానే కొనీసినాను. సచ్చినోడు ఫోటోలో నన్ను సగమే ఏసినాడనుకో, పర్వానేదు. అమ్మా జ్యోతీ, మన క్వార్టర్ల పరువు నిలబెట్టినావు. నిన్న రాత్రి మా ఇంట్లో ఇదే మాట. ఆ ఏడో నంబరు మనిషెవురో గానీ గట్టిదమ్మా! ఆవిడకి కదా ముందు శాలువా కప్పాలి!"

"ఏటి గట్టి అన్నయ్యా," అంది అప్పలకొండ. "సూది గుచ్చితే గుచ్చించుకుంటాది. ఆవిడ సేసిందేటున్నాది?"

"అలగనకు సెల్లమ్మా. అలాటి తల్లులుండబట్టే ఇలాటి పిల్లలు పనికొస్తన్నారు."

తెలియకుండా అన్నా సరిగ్గా అన్నాడు. అప్పలకొండ లేచి ఆయనకి మంచినీళ్ళు తెచ్చే నెపంతో లోపలికి పోయి కళ్ళు తుడుచుకుంది. ఆయన తల్లినీ కూతుర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫోనులో ఫోటో తీసి, నవ్వమ్మా నవ్వు అని రెండుసార్లు చెప్పి, మిగిలిన పేపర్లు పంచడానికి వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చిన జ్యోతిర్మయి గొంతు మారింది.

"అమ్మా, విను. నేను నిన్న ఏమీ చూడలేదు. నువ్వు ఎముక మీద చెయ్యి వెయ్యలేదు. మంగళవారం నీ మూడో డోసు ఎక్కుతుంది. మొత్తం ఆరు డోసులు, నెలకొకటి. అవి అయిపోయాక చూద్దాం."

"ఏటన్నావ్?"

"నువ్వు విన్నావు. అధ్యయనం బయట ఈ మందు ఎవరికీ ఇవ్వరు. పేరు కొట్టేస్తే ఇక దొరకదు. మతలబ్, ఎక్కడా దొరకదు. నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసు గదే."

"నువ్వు ఇన్నాళ్ళూ దాచావుగా, ఇంకో నాలుగు నెలలు దాచు!"

"నాను దాసింది సుట్టరికం. నువ్వు దాయమంటన్నది పగులు." అప్పలకొండ లేచి నిలబడింది. "ఆ గోడకేసి సూడు."

ఇప్పుడు రెండో పటం సంగతి చెప్పుకోవాలి. అప్పలకొండ ఆ సెక్షన్లో కీమేన్ పని చేసిన మొదటి ఆడది. కీమేన్ అంటే రోజూ తెల్లవారగానే తన వంతు లైను, ఆరు కిలోమీటర్లు, ఒంటరిగా నడుస్తూ పట్టాలని పట్టి ఉంచే ప్రతి కొక్కేన్నీ చూసుకుంటూ పోయే మనిషి. భుజాన సుత్తీ స్పేనరూ, చేతిలో చుట్టిన ఎర్రజెండా పచ్చజెండా. పన్నెండేళ్ళ కిందట ఒక డిసెంబరు పొద్దున, చలికి పట్టాలో వెంట్రుకంత పగులొచ్చింది. అప్పలకొండ చూసింది. అంతలో ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళయింది. ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరిగెత్తి బండిని ఆపింది. గంటన్నర బండి ఆగిపోయింది. కిటికీల్లోంచి జనం తిట్టారు. పెళ్ళి ముహూర్తం తప్పిపోతోందని ఒకాయన కిందికి దిగి మరీ తిట్టాడు. ఆ పగులు చూపించాక ఆయనే వంగి దండం పెట్టాడు. రైల్వేవారు ఆ ప్రశంసాపత్రం ఇచ్చింది అందుకే. ఆ మర్నాడు పేపర్లో ఏమీ రాలేదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే కీమేన్ పని. ఆపరేషనయ్యాక ఆవిడని పనిముట్ల స్టోరులో కూర్చోబెట్టారు గానీ, ఇప్పటికీ కీమేన్ అప్పలకొండ అనే అంటారు.

"ఆ పొద్దున నాను జెండా సుట్టి సంకలో ఎట్టుకుని పోయుంటే?" అంది అప్పలకొండ.

"అది పట్టా అమ్మా. ఇది నీ వెన్ను!"

"ఆ పరీచ్చలో నాతోపాటు ఇంకా పదకొండుమంది ఆడోల్లున్నారు. ఆసుపత్రి బెంచీ మీద పక్కన కూకుంటాం. జాంజ్‌గీర్ నుంచొస్తాది ఒకావిడ, సిన్న పిల్లలున్నారు. ఆల్లెనక ఎన్ని వేలమంది ఉన్నారో నీకే తెలుసు. నువ్వు రాసిన లెక్క సూసి గదా రేపు ఆల్లందరూ సెయ్యి సాపేది. మజ్జిలో ఒక అబద్ధం ఎట్టి ఆ బండిని దాని మీద నుంచి పంపిస్తావేటే?"

"నాకు బండి అక్కర్లేదు. నాకు నువ్వు కావాలి." జ్యోతిర్మయి చిన్నపిల్లలా ఏడ్చేసింది. తొమ్మిదేళ్ళు ఎలకల మీదా, అంకెల మీదా చూపించిన ఓపికంతా ఒక్క నిమిషంలో కరిగిపోయింది. "నేను ఇదంతా ఎవరి కోసం చేశాననుకున్నావు?"

అప్పలకొండ కూతురి పక్కన చతికిలబడింది. తల నిమిరింది.

"నాకూ నాను కావాలే. సావాలని నాకేటి సరదానా? ఆ మందు పని సేస్తన్నాదని నా నడుమే సెప్తన్నాది. పోయిన్నెల్లో నీల్ల బకెట్టు ఒక్కసేత్తో ఎత్తినాను, తెల్సా? వొదులుకోవాలంటే నాకూ పేనం పీకుతన్నాది. గానీ జ్యోతీ, నీ రవ్వలు నా ఒంట్లో సేస్తన్న పని నాను పాతికేళ్ళు పట్టాల మీద సేసిన పనే. ఊరంతా తిరిగి, పగులున్నకాడ ఆగి, ఇక్కడుందని సెప్తన్నాయి. ఆటికున్న నీతి మనకుండొద్దా?"

జ్యోతిర్మయి దేశవిదేశాల సభల్లో తన కణాల గురించి చెప్పింది. తన పని గురించి తనకే ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. ఏడుస్తూనే తల ఊపింది.

రైల్వేలో ఏం జరిగినా ముందు స్టేట్‌మెంటు రాస్తారు. గేటు విరిగినా, మేక చచ్చినా స్టేట్‌మెంటే. అప్పలకొండ స్టోరు నుంచి తెచ్చుకున్న గీతల కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, అలవాటైన హిందీలో రాసింది. నేను, కీమేన్ అప్పలకొండ, ఈ పరీక్షలో ఏడో నంబరు. ఈ మందు తయారుచేసిన జ్యోతిర్మయి నా కన్న కూతురు. ఆమెకు నా సంగతి నిన్నటిదాకా తెలియదు. చుట్టాలు లేరని నేను తప్పు చెప్పాను. తప్పు నాది, మందుది కాదు, పిల్లది కాదు. మీరు ఏం నిర్ణయించినా సమ్మతమే. కింద సంతకం మాత్రం తెలుగులో. ఉద్యోగంలో చేరినరోజు గుమాస్తా వేలిముద్ర కోసం సిరా డబ్బా ముందుకు తోస్తే, దాన్ని వెనక్కి తోసి పెట్టిన సంతకమది. అప్పటినుంచీ మార్చలేదు.

జ్యోతిర్మయి తను గుర్తుపట్టిన వైనం తనూ ఒక కాగితం మీద రాసింది. రెండూ ఫోటో తీసి డాక్టర్ రామమోహన్‌కి పంపింది.

మధ్యాహ్నం మూడింటికి డాక్టరుగారి ఫోనొచ్చింది.

"జ్యోతిర్మయిగారూ, ఇరవై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను. పేషెంటు తన తప్పు తనే రాసి పంపడం చూడలేదు," అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "రూలు రూలేనండీ. రేపు పదకొండింటికి ఎథిక్స్ కమిటీ కూర్చుంటోంది. ఉంచుతారో తీసేస్తారో నేను చెప్పలేను. ఆవిడని రమ్మన్నారు. మిమ్మల్ని రావద్దన్నారు. ఇంకోటి, పోయిన గురువారం తీసిన కొత్త స్కాను రేపు ఆవిడకి చూపిస్తాం. మీరు ఇక చూడడానికి వీల్లేదు."

"చుక్కలు…"

"అడక్కండి. ప్లీజ్."

సోమవారం పొద్దున బిలాస్‌పూర్ స్టేషన్లో రాయ్‌పూర్ బండి కోసం నిలబడ్డ అప్పలకొండని చూసి ఇద్దరు ముగ్గురు పోర్టర్లు నమస్కారం పెట్టారు. నీలం చీర మీద నారింజ రంగు డ్యూటీ జాకెట్టు వేసుకుంది. ఇస్త్రీ చేసి మరీ. చంకలో రెండు జెండాలు, చుట్టి.

"కమిటీకి ఇవెందుకమ్మా?" అంది జ్యోతిర్మయి.

"కమిటీకి కాదు, నీకు." అప్పలకొండ నవ్వింది. "ఫోన్లో ఏటీ సెప్పను. అడిగినా సెప్పను. మొహం సూసే సెప్తాను. గేటు కాడ గుర్తున్నాదా?"

గుర్తులేకేం? ఆరేళ్ళప్పుడు జ్యోతిర్మయి సెలవురోజుల్లో అన్నం డబ్బాతో లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర నిలబడేది. దూరంగా లైను మీద అమ్మ చుక్కలా కనబడేది. దగ్గరకొస్తూ పచ్చజెండా విప్పితే పట్టా బాగుంది, డబ్బా మూత తియ్యమని. ఎర్రజెండా విప్పితే ఎక్కడో పని తగిలింది, ఇంకాసేపు ఆగమని. ఆ పిల్లకి అక్షరాలకన్నా ముందు ఆ రెండు రంగులే వచ్చాయి.

"ప్లాట్‌ఫారం మీద ఎర్రజెండా విప్పితే బండి ఆపేస్తారమ్మా."

"ఆ మాత్రం నాకు తెల్దేటి? బండి పూర్తిగా ఆగినాకే ఇప్పుతాను. రూలు."

బండి కదిలింది. కిటికీలోంచి నారింజ రంగు కొంతదూరం కనబడింది. ఆ రోజు జ్యోతిర్మయి ఏం తిందో, ఏం చేసిందో ఆమెకే గుర్తులేదు. లేబు నుంచి వచ్చిన ఫోన్లు ఎత్తలేదు. పదకొండింటికి గడియారం చూసింది, పన్నెండింటికి చూసింది, ఒంటిగంటకి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడం మర్చిపోయింది. ఒక్కటి మాత్రం తెలిసింది. తను తయారుచేసిన మందు పనిచేయాలని తొమ్మిదేళ్ళు కోరుకుంది గానీ, తన తల్లిలాంటి మనిషి లోకంలో ఉండాలని కోరుకునే పనే లేకపోయింది. ఎప్పుడూ ఉంది కాబట్టి.

సాయంత్రం అయిదున్నరకి బండి వచ్చేసరికి ప్లాట్‌ఫారం నిండా ఎండ పడి ఉంది. జ్యోతిర్మయి చేతిలో పాత స్టీలు డబ్బా. ఎందుకు తెచ్చిందో తెలియదు, తెచ్చింది. నాలుగో పెట్టె తలుపు దగ్గర నారింజ రంగు కనబడింది. అప్పలకొండ కమ్మీ పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. రోజంతా కమిటీ ముందు కూర్చుని వచ్చిన మనిషిలా లేదు. తన వంతు లైను పూర్తి చేసుకుని వస్తున్న కీమేన్‌లా ఉంది. మొహంలో ఏమీ తెలియడం లేదు. జెండాలు ఇంకా చంకలోనే ఉన్నాయి.

బండి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. పూర్తిగా ఆగింది. అప్పలకొండ కిందికి దిగి, ఒకసారి చక్రాల వైపు చూసుకుని, రూలు ప్రకారం బండి కదలడం లేదని నిశ్చయం చేసుకున్నాకనే చంకలోంచి జెండాలు తీసింది.

జ్యోతిర్మయి చెయ్యి డబ్బా మూత మీద ఉంది.

ముందు పచ్చది విప్పింది. జ్యోతిర్మయి మూత సగం తీసింది.

అప్పలకొండ అక్కడితో ఆగలేదు. రెండో చేత్తో ఎర్రది కూడా విప్పింది. రెండిటినీ రెండు చేతుల్లో పట్టుకుని కూతురి వైపు చూస్తూ నిలబడింది.

కమిటీ మాట ఒకటి. స్కాను మాట ఒకటి. పచ్చ దేనికి, ఎర్ర దేనికి? అది వచ్చే వారం.